జంట గొట్టాల తుపాకీ ఎంపిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పక్కపక్కన రెండు గొట్టాలుండే షాట్‌గన్ గురించే ఉన్నాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాము. తుపాకీ కొనడానికీ, ఇంట్లో ఉంచుకోవడానికీ లైసెన్సు సంగతి ముందుగా తేల్చుకోవాలన్నది అందరికీ తెలిసినదే కనుక ప్రతి జవాబులోనూ దానిని తిరిగి చెప్పడం లేదు.

ప్రశ్న: రెండు పన్నెండు బోర్ (గొట్టపు వెడల్పును తెలిపే అంకె; అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది) తుపాకులను ఒకే రోజు చేతిలోకి తీసుకుని చూశాను. రెండింటి బరువూ దాదాపు మూడు కిలోలే. అయినా ఒకటి తేలికగాను, మరొకటి మొద్దుగాను అనిపించింది. ఇది నా భ్రమ మాత్రమేనా?

జవాబు: భ్రమ కాదు. త్రాసు మొత్తం బరువు ఎంతో చెబుతుంది గాని, ఆ బరువు తుపాకీ పొడవునా ఎక్కడ ఎంత ఉన్నదో చెప్పదు. రోకలిని నడుమ పట్టుకుని తిప్పడానికీ, కొస పట్టుకుని తిప్పడానికీ ఎంత తేడా ఉందో చేసి చూసినవారికి తెలుసు. రోకలి బరువు మారలేదు, తిప్పే చేతికి ఆ బరువు ఎంత దూరాన ఉన్నదన్నదే మారింది. ఒక వస్తువును తిప్పడానికి పట్టే ప్రయాస ఆ దూరంతో కాక దూరపు వర్గంతో పెరుగుతుంది కనుక గొట్టాల మూతి దగ్గర ఉన్న వంద గ్రాములు బ్రీచ్ (తూటా పెట్టే వెనక కొస) దగ్గర ఉన్న వంద గ్రాముల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చేతికి తెలుస్తాయి. మంచి పనివారు గొట్టాల గోడలను బ్రీచ్ దగ్గర మందంగా ఉంచి, మూతి వైపు పోయేకొద్దీ పలచబరచడానికి అంత శ్రమ పడేది అందుకే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. తుపాకీని వేలి మీద నిలబెట్టి, అది గొట్టాలు విరిచే కీలు పిన్ను దగ్గర నిలిచిందంటే చాలు, సమతూకం అద్భుతమని చాలామంది తీర్పు చెప్పేస్తారు. గొట్టాలు బరువుగా ఉన్న తుపాకీకి వెనక స్టాక్‌లో (భుజానికి ఆనే చెక్క భాగంలో) రంధ్రం చేసి సీసం దట్టిస్తే అది కూడా సరిగ్గా ఆ పిన్ను దగ్గరే నిలుస్తుంది. కాని ఇప్పుడు రెండు కొసలలోనూ బరువు చేరింది. తిప్పడం మొదలుపెట్టడానికీ, ఆపడానికీ మునుపటి కంటే ఎక్కువ బలం కావాలి. అదే సమతూక బిందువు ఉన్న మరొక తుపాకీలో బరువంతా రెండు చేతుల మధ్య ఒదిగి ఉంటే, అది చూపు వెంట తానే కదులుతున్నట్టు ఉంటుంది. మీరు చూసిన రెండింటిలో ఈ తేడాయే ఉండి ఉంటుంది.

దుకాణంలోనే పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. తుపాకీని తెరిచి, రెండు చాంబర్లూ (తూటాలు కూర్చునే చోట్లు) ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, దుకాణదారు అనుమతితో, గోడా పైకప్పూ కలిసే గీత వెంట మూతిని ఒక మూల నుంచి మరొక మూలకు నడిపించండి. మూల దగ్గర ఆపాలనుకున్న చోట ఆగుతున్నదా, దాటిపోతున్నదా, గీత మీద వణుకుతున్నదా అన్నది గమనించండి. తేలికగా కదిలే తుపాకీ అన్నివిధాలా మేలైనదని మాత్రం అనుకోవద్దు. తొందరగా కదిలేది తొందరగానే ఆగుతుంది. దూరంగా అడ్డుగా పోయే లక్ష్యం వెంట చేతి ఊపు తెగకుండా సాగాలంటే మూతి దగ్గర కొంత బరువు ఉండడమే మంచిది. పొదల మధ్య నడుస్తూ హఠాత్తుగా లేచిన పక్షిని కొట్టేవారికి ఒక నడత కావాలి, ఒకచోట నిలబడి ఎత్తున వచ్చే పక్షులనో, గాలిలోకి విసిరే క్లే (మట్టి) పళ్లేలనో కొట్టేవారికి మరొక నడత కావాలి.

ప్రశ్న: ఏవైఏ నంబర్ 4, వించెస్టర్ మోడల్ 21, బెరెట్టా 486, చర్చిల్ ట్వెంటీ ఫైవ్, బ్రౌనింగ్ బీఎస్ఎస్ అనే పేర్లు వింటున్నాను. వీటి నడతలో నిజంగా అంత తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ఆ తేడాలకు మూలం ఎవరి కోసం, ఏ వేట కోసం వాటిని చేశారన్న దానిలో ఉంది.

స్పెయిన్‌లోని ఐబార్ పట్టణంలో చేసే ఏవైఏ నంబర్ 4 బ్రిటిష్ వేట తుపాకీ నమూనాకు దగ్గరి అనుసరణ. తిన్నని పిడి, సన్నని ఫోరెండ్ (గొట్టాల కింద ముందు చేయి పట్టుకునే చెక్క), రెండు ట్రిగ్గర్లు, పన్నెండు బోర్‌లో మూడు కిలోలకు అటూ ఇటూ బరువు. బరువు చేతుల మధ్యనే ఉంటుంది. రోజంతా మోసుకు తిరిగి, కొద్ది తూటాలు మాత్రమే కాల్చేవారికి ఇది బాగా నప్పుతుంది. మొదటిసారి ఈ రకం కొనేవారికి మా సిఫారసు కూడా ఇటువంటి దానికే.

వించెస్టర్ 21 దీనికి దాదాపు ఎదురు కొసన ఉంటుంది. 1930ల ఆరంభంలో అమెరికాలో వచ్చిన ఈ తుపాకీని దృఢత్వమే ప్రధానంగా పెట్టుకుని కట్టారు. పన్నెండు బోర్ చాలా వరకు మూడున్నర కిలోల దరిదాపుల్లో తూగుతుంది; వెడల్పాటి ఫోరెండ్, ఒకే ట్రిగ్గర్, వంపు తిరిగిన పిడి ఎక్కువగా కనిపిస్తాయి. భుజానికి ఎత్తడానికి కాస్త సమయం తీసుకున్నా, ఒకసారి కదిలాక ఊపు చెదరదు. బాతుల వేట కోసం బరువైన తూటాలు కాల్చేవారు దీనిని వదలకపోవడం సహేతుకమే. కొండలెక్కి దిగే వేటగాడికి మాత్రం సాయంత్రానికి భారమే మిగులుతుంది.

లండన్ తుపాకీ నిర్మాత రాబర్ట్ చర్చిల్ రూపొందించిన ట్వెంటీ ఫైవ్ మరొక వాదం. గొట్టాల పొడవు 25 అంగుళాలు, అంటే 63.5 సెంటీమీటర్లు, ఆ రోజుల్లో మామూలు పొడవు 28 నుంచి 30 అంగుళాలు. పొట్టి గొట్టాలు కంటికి పొట్టిగా తోచకుండా ఉండడానికి వాటి మధ్య సన్నగా, ఎత్తుగా, ముందుకు పోయేకొద్దీ ఇరుకయ్యే రిబ్ (గొట్టాల పొడవునా ఉండే పట్టీ) పెట్టాడు. చేతికి ఇది మెరుపులా వస్తుంది. చర్చిల్ తాను నేర్పిన కాల్పు పద్ధతికి తగినట్టు, అంటే లక్ష్యం ముందు ఎంత జాగా వదలాలో లెక్క కట్టకుండా కన్ను పక్షి మీదనే ఉంచి తుపాకీని ఒకే కదలికలో భుజానికెత్తి కాల్చే పద్ధతికి తగినట్టు, దానిని తయారుచేశాడు. ఆ పద్ధతి అలవడని చేతిలో అది లక్ష్యం మీద కుదురుగా నిలవక అటూ ఇటూ ఊగుతుంది. పొడవైనవారి చేతుల్లో ఈ గుణం ఇంకా ఎక్కువగా బయటపడుతుంది.

బీఎస్ఎస్‌ను బ్రౌనింగ్ కోసం జపాన్‌లో మిరోకు సంస్థ 1970లలో చేయడం మొదలుపెట్టింది. గట్టి తుపాకీ, ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టదు. వంపు పిడి, వెడల్పు ఫోరెండ్ ఉన్న మామూలు రకం కొంచెం బండగా ఉంటుంది. తిన్నని పిడితో వచ్చిన స్పోర్టర్ రకం దొరికితే దానిని ముందు చూడండి. బెరెట్టా 486 ఈ జాబితాలో కొత్తది. దాని యాక్షన్ (పేల్చే యంత్రాంగం ఉండే లోహపు భాగం) పక్కలు గుండ్రంగా ఉండడంతో అరచేతిలో మూలలు గుచ్చుకోకుండా కూర్చుంటుంది, ఒక చేత్తో మోసుకుపోయేటప్పుడు ఆ సుఖం బాగా తెలుస్తుంది.

పేర్ల గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. ఒకే పేరు కింద వచ్చిన రెండు తుపాకులు ఒకేలా నడుచుకుంటాయన్న హామీ లేదు. టర్కీలోని హుగ్లు సంస్థ చెక్ తుపాకీ సంస్థ సీజడ్ కోసం చేసిన బాబ్‌వైట్, రింగ్‌నెక్ రకాలనే తీసుకుందాము. రెండూ ఒకే చోట పుట్టినవి. అయినా తిన్నని పిడి, రెండు ట్రిగ్గర్లున్న బాబ్‌వైట్‌కూ, వంపు పిడి, ఒకే ట్రిగ్గర్ ఉన్న రింగ్‌నెక్‌కూ చేయి కూర్చునే తీరే వేరు. చేత్తో మలిచిన పాత తుపాకులలో గొట్టాల పొడవు, కర్ర సాంద్రత, మొదటి యజమాని కోరిన కొలతలు మారడం వల్ల ఈ తేడాలు మరీ ఎక్కువ.

ప్రశ్న: రెండు ట్రిగ్గర్లు పాతకాలపు పద్ధతి కదా, ఇప్పుడు కొనేవారు ఒకే ట్రిగ్గర్ ఉన్నది తీసుకోవడం మంచిది కాదా?

జవాబు: పాతదన్నది నిజమే గాని, దానిని మించిన సౌకర్యం ఇంకా రాలేదన్నదే మా అభిప్రాయం. ఈ తుపాకులలో సాధారణంగా కుడి గొట్టానికి చోక్ (మూతి దగ్గర గొట్టం ఇరుకయ్యే భాగం) వదులుగా, ఎడమ దానికి బిగువుగా ఉంటుంది; ముందు ట్రిగ్గర్ కుడి గొట్టాన్ని, వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టాన్ని కాలుస్తాయి. పక్షి దగ్గరలో లేస్తే ముందు ట్రిగ్గర్, దూరాన లేస్తే వెనక ట్రిగ్గర్. ఎంపిక అంతా కాల్చే క్షణంలోనే జరిగిపోతుంది. ఒకే ట్రిగ్గర్ ఉన్నదానిలో ఏ గొట్టం ముందు కాలాలో చిన్న మీటతో మార్చుకునే వీలు కొన్నింటికి ఉన్నా, లేచిన పక్షిని చూస్తూ దానిని జరిపేవారు అరుదు.

ఒకే ట్రిగ్గర్‌లో రెండు రకాలున్నాయి. మొదటి తూటా వెనక్కి తన్నే తాకిడితో రెండవ గొట్టానికి మారేది ఒకటి, ఆ తాకిడితో నిమిత్తం లేకుండా యంత్రమే మార్చుకునేది మరొకటి. మొదటి రకంలో తూటా పేలకపోతే తన్ను ఉండదు, తన్ను లేకపోతే ట్రిగ్గర్ రెండవ గొట్టానికి మారదు. చలి ప్రదేశాలలో మందపాటి చేతి తొడుగులు వేసుకునేవారికి, వంపు పిడి అలవాటైనవారికి, పోటీలలో కాల్చేవారికి ఒకే ట్రిగ్గర్ అనుకూలమే. రెండు ట్రిగ్గర్లు తీసుకుంటే తిన్నని పిడినే తీసుకోండి. వేలు ముందు నుంచి వెనక్కి పోయేటప్పుడు చేయి మొత్తం కొద్దిగా జారాలి, వంపు పిడి ఆ జారడాన్ని అడ్డుకుంటుంది.

ప్రశ్న: సైడ్‌లాక్ అయితేనే మంచి తుపాకీ అంటారు. బాక్స్‌లాక్ కొంటే రాజీపడినట్టేనా?

జవాబు: కాదు. పేల్చే యంత్రాంగం పక్క పలకల మీద ఉంటే సైడ్‌లాక్, యాక్షన్ లోపలే ఉంటే బాక్స్‌లాక్. బర్మింగ్‌హామ్ తుపాకీ సంస్థ వెస్ట్లీ రిచర్డ్స్‌లో పనిచేసిన ఆన్సన్, డీలీ 1875లో పేటెంట్ పొందిన బాక్స్‌లాక్ యంత్రాంగంలో భాగాలు తక్కువ, చెడేవి తక్కువ. సైడ్‌లాక్‌లో చెక్కడానికి చోటు ఎక్కువ, ట్రిగ్గర్ లాగుడును సున్నితంగా సరిచేసుకోవడం తేలిక, మేలైన వాటిలో పొరపాటున సుత్తి జారినా మధ్యలో అడ్డుకునే అదనపు రక్షణ ఉంటుంది. అయితే చవకరకం సైడ్‌లాక్ కంటే అదే ధరకు దొరికే బాక్స్‌లాక్ ఎప్పుడూ మెరుగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బు పక్క పలకల మీద నగిషీకి కాక గొట్టాల మీద ఖర్చయి ఉంటుంది. బాక్స్‌లాక్ మీదనే అలంకారానికి పక్క పలకలు తగిలించి అమ్మేవి కూడా ఉన్నాయి. వాటి అందానికే డబ్బు ఇస్తున్నామని తెలిసి కొంటే తప్పు లేదు.

ప్రశ్న: చాలాకాలం ఒకదానిపై ఒకటి గొట్టాలున్న తుపాకీ వాడి ఈ మధ్య పక్కపక్క గొట్టాల దానికి మారాను. గుళ్లు కిందికి, కొంచెం ఎడమకు పోతున్నాయి. తుపాకీలో లోపమా?

జవాబు: తుపాకీని నిందించే ముందు మూడు సంగతులు చూసుకోండి.

మొదటిది, పక్కపక్క గొట్టాలు పై నుంచి కిందికి వంగడానికి అంతగా అడ్డు చెప్పవు. తూటా పేలిన క్షణంలో వాటి మూతులు కొద్దిగా కిందికి వంగుతాయి. ఒకదానిపై ఒకటి ఉన్న గొట్టాలు ఆ దిశలో చాలా బిగువుగా ఉంటాయి. పాత నిర్మాతలు ఈ వంపును ముందే లెక్కలోకి తీసుకుని రిబ్‌నూ, స్టాక్ వాలునూ సరిపుచ్చేవారు. పైగా మీ కంటికి ఇంతవరకు అలవాటైనది ఒకే సన్నని రిబ్. ఇప్పుడు కనిపించేది వెడల్పాటి రెండు గొట్టాల మైదానం. దాని మీదుగా గురి చూడడం మొదలుపెడితే తల వంగుతుంది, చెంప చెక్కలోకి నొక్కుకుంటుంది, గుళ్లు కిందికి పోతాయి. చూపు లక్ష్యం మీదనే ఉంచండి.

రెండవది, స్టాక్ కొలతలు. చెంప ఆనే అంచు దగ్గర వాలు 37 మిల్లీమీటర్లు, మడమ (స్టాక్ వెనక పై కొస) దగ్గర 50 నుంచి 55 వరకు ఉండడం ఈనాటి సాధారణ కొలత. పాత అమెరికన్ తుపాకులలో, ఉదాహరణకు ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్ వంటి వాటిలో, మడమ వాలు 75 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి దొరుకుతాయి; తల నిటారుగా పెట్టి కాల్చే కాలానికి చేసినవి అవి. నేటి పద్ధతిలో ముఖం వంచి కాల్చేవారికి కన్ను రిబ్ కంటే కిందికి దిగిపోతుంది. కుడిచేతి వాటం వారికి స్టాక్ కొద్దిగా కుడికి వంగి ఉండాలి. ఆ వంపు చాలకపోతే కన్ను రిబ్‌కు ఎడమ పక్కన పడుతుంది, గుళ్లు కూడా ఎడమకే పోతాయి.

మూడవది, మీ ఎడమ కన్ను బలమైనదేమో. రెండు కళ్లూ తెరిచి దూరాన ఉన్న వస్తువును వేలితో చూపి, ఒక్కొక్క కన్ను మూసి చూస్తే ఏ కన్నుకు వేలు సూటిగా ఉన్నదో తెలుస్తుంది. అది ఎడమ కన్నే అయితే ఆ కంటి కళ్లద్దం మీద చిన్న టేపు ముక్క అంటించుకోవడమో, ఎడమ భుజం నుంచి కాల్చడం నేర్చుకోవడమో తప్ప తుపాకీ మార్చి ప్రయోజనం లేదు.

ఏది కారణమో తేల్చడానికి 16 గజాల దూరాన, అంటే 14.6 మీటర్ల దూరాన, పెద్ద కాగితం మీద మధ్యలో గుర్తు పెట్టి, గురి చూడకుండా ఎత్తిన వెంటనే కొన్నిసార్లు కాల్చండి. గుళ్ల గుంపుల సగటు మధ్యభాగం గుర్తుకు ఒక అంగుళం కిందికి ఉంటే స్టాక్ అంచును అంగుళంలో పదహారవ వంతు, అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్లు, ఎత్తాలి. నేర్పున్న పనివాడు ఆవిరి, వేడి నూనె సాయంతో చెక్కను అంతమేర వంచగలడు.

ప్రశ్న: నేను సన్నగా ఉంటాను. బరువు మోయలేనని, తన్ను తక్కువని ఇరవై బోర్ తీసుకోమని సలహా ఇస్తున్నారు.

జవాబు: బోర్ చిన్నదైతే తన్ను తగ్గుతుందన్నది సగమే నిజం. తన్నును నిర్ణయించేవి తుపాకీ బరువు, తూటాలోని గుళ్ల బరువు, వాటి వేగం. గుళ్ల బరువుకు 96 రెట్లు తుపాకీ ఉండాలన్న పాత నియమం ఒకటి బర్మింగ్‌హామ్ నిర్మాత గ్రీనర్ పేరిట చలామణిలో ఉంది. ఆ లెక్కన 28 గ్రాముల తూటాకు దాదాపు 2.7 కిలోల తుపాకీ, 32 గ్రాములకు మూడు కిలోలు దాటిన తుపాకీ కావాలి. రెండున్నర కిలోల ఇరవై బోర్‌లో 28 గ్రాములు కాల్చడం కంటే మూడు కిలోల పన్నెండు బోర్‌లో 24 గ్రాములు కాల్చడం భుజానికి ఎంతో హాయి. నడిచి మోయడమే ముఖ్యమై, 24 గ్రాములతో సరిపెట్టుకోగలిగితే ఇరవై బోర్ చక్కని ఎంపిక. స్టాక్ పొడవు మాత్రం మీ చేతికి తగ్గించి చేయించుకోండి. పొడవు ఎక్కువైతే మడమ దుస్తులకు తగులుకుంటుంది, తన్ను భుజం మీద కాక చేతి కండ మీద పడుతుంది.

ప్రశ్న: వాడిన పాత తుపాకీ ఒకటి అమ్మకానికి వచ్చింది. చూడడానికి బాగుంది. ఏమేమి చూసుకోవాలి?

జవాబు: చెక్కా నగిషీ చివర చూడండి, గొట్టాలు ముందు చూడండి. ఫోరెండ్ తీసివేసి, తుపాకీని మూసి, స్టాక్‌ను పట్టుకుని గొట్టాలను పక్కలకు ఊపితే కదలిక తెలియకూడదు. ఫోరెండ్ ఉండగా ఈ పరీక్ష చేస్తే దాని స్ప్రింగ్ బిగువు వదులును దాచిపెడుతుంది. మూసినప్పుడు పై మీట మధ్య గీతకు కుడి పక్కన ఆగితే ఇంకా అరుగుదలకు చోటుంది. ఎడమకు దాటిపోయి ఉంటే బిగింపు పని పడుతుంది. గొట్టాలను విడదీసి, కొక్కెం దగ్గర వేలితో వేలాడదీసి, చెక్కతో మెల్లగా తట్టితే గంటలా మోగాలి. పగిలినట్టు, బొంగురుగా మోగితే రిబ్ టంకం ఎక్కడో ఊడిందని అర్థం. వెలుతురు వైపు పట్టి లోపలి నీడ వలయాలు చూస్తే సొట్టలు, ఉబ్బులు కనిపిస్తాయి. గోడ మందం మాత్రం కంటితో తెలియదు, పనిముట్టుతోనే కొలవాలి. బ్రిటిష్ వర్తకులు ఎక్కువమంది కనీసంగా పాటించే అర మిల్లీమీటరు కంటే ఎక్కడైనా తక్కువ ఉంటే ఎంత చవకైనా వద్దు.

అన్నిటికంటే ముఖ్యం గొట్టాల అడుగున ఉండే ప్రూఫ్ ముద్రలు. లండన్, బర్మింగ్‌హామ్, లీజ్, ఐబార్ వంటి చోట్ల పరీక్షాశాలలు అధిక ఒత్తిడి తూటా కాల్చి చూసి వేసిన ముద్రలవి. పొగలేని మందుకు పరీక్షించినదా, నల్లమందుకు మాత్రమేనా అన్నది, చాంబర్ పొడవు ఎంత అన్నది వాటిలో తెలుస్తాయి. పాత బ్రిటిష్ తుపాకులు చాలా వాటికి 65 మిల్లీమీటర్ల చాంబర్ ఉంటుంది. 70 మిల్లీమీటర్ల తూటా అందులోకి ఏ అడ్డూ లేకుండా దూరుతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ కొలత పేలిన తరువాత మూతి విచ్చుకున్న తూటా తొడుగుది కనుక, విచ్చుకోవడానికి చోటు లేక అది గుళ్ల దారిలోకి చొచ్చుకుపోయి ఒత్తిడి పెంచుతుంది. ఉక్కు గుళ్లు తప్పనిసరి అయిన చోట వాడదలచినవారు పలచని గోడలు, బిగువైన చోక్ ఉన్న పాత తుపాకీని వదులుకోవాలి. బలమైన ఉక్కు తూటాలకు పరీక్ష పూర్తిచేసుకున్న గొట్టాల మీద లిల్లీ పువ్వు ముద్ర ఉంటుంది, అది ఉన్నా సగం చోక్‌కు మించిన బిగువులో పెద్ద ఉక్కు గుళ్లు కాల్చకూడదు.

ప్రశ్న: ఇంట్లో పన్నెండు బోర్ ఉంది, ఇప్పుడు ఇరవై బోర్ కూడా కొంటున్నాము. రెండింటి తూటాలు ఒకే సంచిలో ఉంచవచ్చా?

జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఇరవై బోర్ తూటా పన్నెండు బోర్ చాంబర్‌లో ఆగకుండా ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. చాంబర్ ఖాళీగా కనిపించి వెనక పన్నెండు బోర్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం చీలిపోతుంది, ముందు పట్టుకున్న చేయి పోతుంది. ఇరవై బోర్ తూటాలకు పసుపు రంగు వేసే ఆచారం ఈ ప్రమాదం వల్లనే వచ్చింది. వేర్వేరు సంచులు వాడండి, బయలుదేరే ముందు కోటు జేబులు పూర్తిగా ఖాళీ చేయండి, కాల్చినప్పుడు శబ్దం తేడాగా వచ్చినా, తూటా పేలకపోయినా తుపాకీని తెరిచి గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా వెలుతురు కనిపిస్తున్నదో లేదో చూసిన తరువాతే మళ్లీ నింపండి.